‘అనవసరమైన’ బాధ: జంతువుల చట్టాలను నడిపించే ఒక్క మాట

1889లో ఇంగ్లండులోని ఒక న్యాయస్థానం ముందుకు కొమ్ముల తగాదా ఒకటి వచ్చింది. ఒక రైతు తన ఎదిగిన పశువుల కొమ్ములను తలకు ఆనుకునేంత మొదలుకంటా రంపంతో కోయించాడు. లేగదూడ కొమ్ము వేరు, ఎదిగిన పశువు కొమ్ము వేరు. పెద్దదాని కొమ్ము లోపల ఎముక ఉంటుంది, నరాలూ రక్తనాళాలూ ఉంటాయి, మొదలుకంటా కోస్తే తల ఎముకలోని గాలిగది కూడా తెరుచుకుంటుంది. రైతు వాదన మాత్రం సూటిగా ఉంది: కొమ్ములు లేని పశువులు ఒకదాన్నొకటి పొడుచుకోవు, తక్కువ చోటులో ఎక్కువ పశువులను ఉంచవచ్చు, అమ్మినప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. అంతకు ముందే ఐర్లండులో ఒక కోర్టు, స్కాట్లండులో మరో కోర్టు ఇదే తరహా చట్టాల కింద ఈ పని నేరం కాదని తేల్చాయి. ‘ఫోర్డ్ వర్సెస్ వైలీ’గా పేరుపడ్డ ఈ కేసులో ఇంగ్లండు న్యాయమూర్తులు కోల్‌రిడ్జ్, హాకిన్స్ నేరమేనన్నారు.

పశువులకు పెట్టే బాధను ‘అవసరమైనది’ అనాలంటే రెండు పరీక్షలు నెగ్గాలని హాకిన్స్ వివరించాడు. బాధ పెట్టడం వెనుక ఉన్న ఉద్దేశం న్యాయమైనదై ఉండాలి. ఆ ఉద్దేశానికి, కలిగే బాధకు మధ్య పొంతన ఉండాలి. యజమానికి లాభం పెరుగుతుందన్న ఒక్క కారణం సరిపోదు. మూడు చోట్లా రంపం అదే, నొప్పి అదే. తీర్పులు వేరైంది చట్టంలోని ‘అనవసరం’ అన్న మాటకు న్యాయమూర్తులు చెప్పుకున్న అర్థం దగ్గర.

జంతు హింస నిరోధక చట్టాలలో చాలావాటికి ఇరుసు ఈ మాటే. బ్రిటన్ 1911 చట్టంలో, భారతదేశపు 1960 చట్టంలో, ఇంకా అనేక దేశాల చట్టాలలో నిషేధించింది ‘అనవసరమైన’ బాధను మాత్రమే. అంటే చట్టం బాధను నిషేధించడం లేదు, తగిన కారణం చూపలేని బాధను నిషేధిస్తోంది. తక్కెడలో ఒకవైపు జంతువు నొప్పిని, మరోవైపు మనిషి ప్రయోజనాన్ని ఉంచి తూచమంటోంది. అయితే మనిషి ప్రయోజనం, అది ఆహారమైనా, ప్రయోగమైనా, వినోదమైనా, సాధారణంగా తూకానికి రాదు. దాన్ని ముందే ఒప్పేసుకుని, దాన్ని సాధించడానికి కావలసినదానికన్నా ఎక్కువ బాధ పెట్టారా అన్నది మాత్రమే కోర్టు చూస్తుంది. సరదా కోసం ఒక కుక్కను కొట్టినవాడు దోషి అవుతాడు. లక్షల కోళ్లను తిరగడానికి చోటు లేని బోనుల్లో ఉంచిన సంస్థ, అది ఆ వ్యాపారానికి మామూలు పద్ధతే అయితే, దోషి కాదు. జంతువు ఆస్తిగా ఉన్నంతకాలం ఈ తూకం యజమాని వైపే మొగ్గుతుందని అమెరికన్ న్యాయ పండితుడు గ్యారీ ఫ్రాన్సియోన్ చేసే వాదనలో బలం ఇక్కడే ఉంది. కాకపోతే 1889 తీర్పు వంటివి ఆ వాదనకు కొంచెం ఎదురు నిలుస్తాయి. తక్కెడ ఎప్పుడూ ఒకే వైపు మొగ్గలేదు.

తత్త్వశాస్త్రంలో ఈ చర్చ చాలా పాతది. జంతువులను గడియారం వంటి యంత్రాలుగా వర్ణించిన 17వ శతాబ్దపు డేకార్ట్ సంగతి అలా ఉంచినా, చట్టాల మీద ఎక్కువ ముద్ర వేసింది 18వ శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఆలోచన. జంతువుల పట్ల మనకు నేరుగా కర్తవ్యాలేవీ లేవని, ఉన్నవన్నీ మనుషుల పట్ల కర్తవ్యాలే అని ఆయన బోధించాడు. జీవితమంతా విశ్వాసంగా సేవ చేసిన ముసలి కుక్కను యజమాని చివరిదాకా పోషించాలి. పనికి రాదని కాల్చేస్తే తప్పే. కానీ ఆయన లెక్కలో అన్యాయం జరిగింది కుక్కకు కాదు. ఆ పని చేసినవాడిలోని దయాగుణం దెబ్బతిని, అది రేపు తోటి మనుషుల పట్ల ప్రవర్తనలో బయటపడుతుంది. ఇది తరగతి గదిలో మిగిలిపోయిన వాదన కాదు. ఫ్రాన్సులో 1850 నాటి గ్రామోఁ చట్టం పెంపుడు జంతువులను బహిరంగంగా హింసిస్తేనే శిక్షించేది. నాలుగు గోడల మధ్య జరిగితే దాని జోలికి పోయేది కాదు. చూసే జనాల మనసు మొద్దుబారకుండా కాపాడటమే లక్ష్యమైతే, ఎవరూ చూడని దెబ్బకు శిక్ష దేనికి? ఈ బహిరంగత షరతు తొలగడానికి 1959 దాకా పట్టింది.

దీనికి ఎదురు నిలిచిన వాక్యం ఇంగ్లీషు తత్త్వవేత్త బెంథామ్‌ది. 1789లో అచ్చయిన ఒక అధోజ్ఞాపికలో ఆయన, జంతువులు తర్కించగలవా, మాట్లాడగలవా అన్నవి కాక, బాధపడగలవా అన్నదే అడగవలసిన ప్రశ్న అని రాశాడు. ఈ వాక్యం ఇప్పటికి లెక్కలేనన్ని పోస్టర్ల మీదికి ఎక్కింది. జంతువులను తినడాన్ని అదే అధోజ్ఞాపికలో ఆయన సమర్థించాడన్నది మాత్రం పోస్టర్లకు ఎక్కదు: మన చేతిలో వాటికి వచ్చే చావు ప్రకృతిలో రాబోయే చావుకన్నా త్వరగా ముగుస్తుంది, ముందు ఏం జరగబోతోందో వాటికి తెలియదు కనుక చంపడం తప్పు కాదు, హింసించడం తప్పు అన్నది ఆయన వైఖరి. నేటి జంతు సంక్షేమ చట్టాలు దాదాపు ఇదే గీత మీద నిలబడి ఉన్నాయి.

1975లో పీటర్ సింగర్ ఈ గీతను ముందుకు జరిపాడు. ఒకే స్థాయి బాధకు, అది ఎవరి ఒంట్లో కలిగినా, ఒకే బరువు ఇవ్వాలన్నది ఆయన సూత్రం. విచిత్రమేమిటంటే, జంతు హక్కుల ఉద్యమానికి ఆద్యుడిగా పేరుపడ్డ ఈ తత్త్వవేత్త వాదం హక్కుల మీద ఆధారపడినది కాదు. మొత్తం మీద మేలు కీడుల లెక్క కుదిరితే ఒక ప్రయోగాన్ని ఆయన పద్ధతి అనుమతించగలదు. మరో తత్త్వవేత్త టామ్ రీగన్ 1983లో ఇందుకు ఒప్పుకోలేదు. తనదంటూ ఒక జీవితం గడుపుతూ, దాని మంచిచెడ్డలు తనకే పట్టే ప్రాణి ఎవరి లెక్కకూ పనిముట్టు కాకూడదన్నాడు. మార్తా నస్బామ్ ప్రతి జాతికీ దాని తీరులో వికసించే అవకాశాలు దక్కాలంటుంది. క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ ఏకంగా కాంట్ పనిముట్లతోనే కాంట్‌కు విరుద్ధమైన ముగింపుకు వచ్చింది. ఈ ధోరణుల మధ్య తేడాలు చిన్నవి కావు. అయినా వీరందరి ప్రశ్న ఒకచోట కలుస్తుంది. ‘అవసరం’ అంటే ఎవరికి అవసరం? అది తేల్చేటప్పుడు జంతువు తరఫు లెక్క ఎవరు చెబుతారు?

ఈ రెండో ప్రశ్నకు సంక్షేమ శాస్త్రం ఇచ్చిన సమాధానం ఆసక్తికరంగా ఉంటుంది. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ పశువుల పెంపకంపై నివేదిక ఇస్తూ, ప్రతి జంతువుకూ కనీసం లేవడానికి, పడుకోవడానికి, ఇటు అటు తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాపుకోవడానికి వీలుండాలని సిఫారసు చేసింది. తర్వాత ‘ఐదు స్వేచ్ఛలు’గా (ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పీ జబ్బూ, భయం లేకుండా ఉండటం, సహజంగా ప్రవర్తించగలగడం) ప్రపంచమంతా తిరిగిన సూత్రానికి విత్తనం ఇదే. అదే కమిటీ కోళ్ల బోనుల అడుగున సన్నని తీగతో అల్లిన షడ్భుజాల జాలీ వాడవద్దని, అది కాళ్లకు ఇబ్బంది కలిగిస్తుందని కూడా అన్నది. మనిషి కంటికి అది న్యాయంగానే తోస్తుంది. అయితే 1973లో హ్యూస్, బ్లాక్ అనే పరిశోధకులు కోళ్లకే ఎంచుకునే వీలు కల్పించి చూస్తే, అవి ఆ సన్నని జాలీనే ఇష్టపడ్డాయి. పాదానికి ఎక్కువ చోట్ల ఊతం దొరుకుతుంది కనుక కావచ్చు. సానుభూతితో చెప్పిన సిఫారసు కోడిని అడగకుండా చెప్పినదని తేలింది. జంతువుల తరఫున మాట్లాడేవారందరూ గోడకు తగిలించుకోవలసిన ప్రయోగం ఇది.

కోడిని అడగడమంటే ఏమిటో గుడ్డు పెట్టే వేళ ఇంకా బాగా తెలుస్తుంది. గుడ్డు దగ్గరపడ్డ కోడి మరుగైన గూడు కోసం వెతుకుతుంది. ఉత్త బోనులో ఆ వెతుకులాటకు చోటు లేదు. అది అటూ ఇటూ కదులుతూ, తీగల సందుల్లోంచి తప్పించుకోవాలని చూస్తూనే ఉంటుంది. బరువు కట్టిన తలుపును నెట్టుకునైనా గూడు చేరుతుందని ప్రయోగాలు చూపాయి. యూరోపియన్ యూనియన్ 1999 నాటి ఆదేశం ప్రకారం ఉత్త బోనులో కోడి ఒక్కింటికి దక్కవలసిన కనీస చోటు 550 చదరపు సెంటీమీటర్లు. ఒక ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. కోడి జీవితమంతా ఆ కాగితంకన్నా చిన్న చోటులో గడిచేదన్న మాట. 2012 నుంచి ఆ బోనులపై నిషేధం వచ్చింది. వాటి స్థానంలో వచ్చిన ‘మెరుగుపరచిన’ బోనులో 750 చదరపు సెంటీమీటర్లు, ఒక గూడు, వాలడానికి ఒక కర్ర, గీరుకోవడానికి పొట్టు వంటి కొంత పరుపు ఉంటాయి. గూడు కోసం తలుపు నెట్టే ప్రాణికి గూడు దొరకడం చిన్న విషయం కాదు కనుక, సంస్కరణలన్నీ కంటితుడుపు అని కొట్టిపారేయడం సరికాదు. అసలు బోను దేనికన్న ప్రశ్న మాత్రం ఆ ఆదేశంలో తలెత్తలేదు. ఎంత బోను అన్న దగ్గరే చర్చ మొదలై అక్కడే ముగిసింది.

తూకం కన్నా ముందే పని ముగించే మరో మార్గం నిర్వచనం. 1822లో రిచర్డ్ మార్టిన్ పట్టుదలతో బ్రిటిష్ పార్లమెంటు పశువులపై క్రూరత్వాన్ని శిక్షించే చట్టం చేసింది. అందులోని ‘పశువులు’ అన్న మాటలోకి ఆంబోతు రాదని కోర్టు తేల్చడంతో, ఆంబోతుల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆట 1835 దాకా చట్టానికి అందలేదు. ఇదంతా ఏనాటి సంగతో అనుకోనక్కర లేదు. అమెరికాలో 1958 నాటి మానవీయ వధ చట్టాన్ని కోళ్లకు వర్తింపజేయడం లేదు; ఆ దేశంలో ఏటా వధించే కోళ్లు 900 కోట్లకు పైమాటే. ప్రయోగశాలల జంతువులను కాపాడే 1966 చట్టంలో ‘జంతువు’ అన్న నిర్వచనం నుంచి, పరిశోధన కోసం పెంచిన ఎలుకలను, చుంచులను, పక్షులను 2002లో స్పష్టంగా మినహాయించారు. ప్రయోగశాలల్లో అత్యధికంగా వాడేది ఎలుకలనూ చుంచులనే. నిర్వచనంలో చోటు దొరకని ప్రాణికి మిగతా చట్టమంతా ఉన్నా లేనట్టే.

మూడో మార్గం ‘మామూలే కదా’ అన్న మాట. వ్యవసాయంలో వాడుకలో ఉన్న పద్ధతులను క్రూరత్వ చట్టాల నుంచి మినహాయించిన అమెరికన్ రాష్ట్రాలు చాలా ఉన్నాయి. ఏది క్రూరమో తేల్చే అధికారం, ఆచరణలో, ఆ పద్ధతిని నడిపే పరిశ్రమ చేతికే వెళుతుంది. న్యూజెర్సీలో శాసనసభ ‘మానవీయ’ ప్రమాణాలు రూపొందించమంటే, పశువైద్య కళాశాలల్లో మామూలుగా బోధించే పద్ధతులన్నీ మానవీయమేనని వ్యవసాయ శాఖ రాసేసింది. 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది: ఒక పద్ధతి నిత్యం జరుగుతున్నదీ, మానవీయమైనదీ ఒకటే కావాలని లేదు.

ఈ మూడు మార్గాల మధ్య అన్నింటికన్నా లోతుగా వెళ్లిన తీర్పు జర్మనీది. గుడ్ల కోసం పెంచే జాతి కోళ్లలో మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ గిట్టుబాటు కావు కనుక గుడ్డులోంచి బయటపడిన రోజే వాటిని చంపేసేవారు. జర్మనీలో వీటి సంఖ్య ఏటా సుమారు 4.5 కోట్లు. సహేతుకమైన కారణం లేకుండా వెన్నెముక గల జంతువును చంపరాదన్నది అక్కడి చట్టం. ఖర్చు మిగలడం సహేతుకమైన కారణమా? 2019 జూన్‌లో సమాఖ్య పాలనా న్యాయస్థానం, ఆర్థిక ప్రయోజనం ఒక్కటే అలాంటి కారణం కాదని చెప్పింది. జర్మనీ 2002లో తన రాజ్యాంగంలో జంతువుల రక్షణను ప్రభుత్వ లక్ష్యంగా చేర్చుకున్నాక ఈ తూకంలో జంతువు వైపు పళ్లెం బరువెక్కిందన్నది ఆ తీర్పు సారం. అయినా, గుడ్డులోనే పిల్ల ఆడదో మగదో తేల్చే పరిజ్ఞానం వచ్చేదాకా పాత పద్ధతిని తాత్కాలికంగా కొనసాగనిచ్చింది. సూత్రరీత్యా తప్పు, ప్రస్తుతానికి పర్వాలేదు అన్న ఈ ధోరణి విమర్శకులకు నచ్చలేదు. కానీ పరిశ్రమ మేల్కొన్నది ఆ గడువు వల్లనే. 2022 జనవరి నుంచి నిషేధం అమలులోకి వచ్చింది.

దీనితో పోలిస్తే ‘జంతువు వస్తువు కాదు’ అన్న ప్రకటనలు చాలావరకు అలంకారాలుగా మిగిలాయి. ఆస్ట్రియా 1988లో, జర్మనీ 1990లో తమ పౌరస్మృతుల్లో ఆ మాట రాసుకుని, ఆ వెంటనే, వేరే నిబంధన లేనిచోట వస్తువుల నియమాలే వీటికీ వర్తిస్తాయని చేర్చాయి. ఫ్రాన్స్ 2015లో జంతువులను సంవేదన గల జీవులుగా, అంటే నొప్పీ సుఖమూ అనుభవించగలవిగా గుర్తించి, ఆస్తి నియమాల కిందే ఉంచింది. బ్రిటన్ 2022 చట్టం ఆక్టోపస్‌లను, పీతలను, లాబ్‌స్టర్లను కూడా సంవేదన గల ప్రాణుల జాబితాలో చేర్చింది. మూడు వందలకు పైగా పరిశోధన పత్రాలను పరిశీలించిన నివేదిక దానికి ఆధారం. అయితే ఆ చట్టం కొత్తగా ఏ పనినీ నేరం చేయలేదు. ఒక కమిటీని ఏర్పరచింది. దాని నివేదికకు మంత్రి మూడు నెలల్లో బదులివ్వాలి, అంతే.

అందుకే కొందరు న్యాయవాదులు తక్కెడను వదిలి కోర్టు తలుపు మీద దృష్టి పెట్టారు. కంపెనీకి, ఓడకు, న్యూజిలాండులో 2017 నుంచి వాంగనూయీ నదికి చట్టం ముందు వ్యక్తిత్వం (హక్కులు గల వ్యక్తిగా గుర్తింపు) ఉన్నప్పుడు ఏనుగుకు ఎందుకు ఉండకూడదన్నది వారి ప్రశ్న. న్యూయార్కులోని బ్రాంక్స్ జూలో హ్యాపీ అనే ఆసియా ఏనుగు 2006లో ఒక ప్రయోగంలో పాల్గొంది. తల మీద ఒకవైపు తెల్లని ఇంటూ గుర్తు, మరోవైపు కంటికి కనబడని గుర్తు పెట్టి పెద్ద అద్దం ముందు నిలబెడితే, అది అద్దంలో చూసుకుంటూ తొండంతో తెల్లని గుర్తును మళ్లీ మళ్లీ తడిమింది. దానితోపాటు పరీక్షించిన మరో రెండు ఏనుగులు అలా చేయలేదు. ఆ హ్యాపీ తరఫున నాన్‌హ్యూమన్ రైట్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ, అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. 2022 జూన్‌లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 5-2 మెజారిటీతో కొట్టేసింది: ఏనుగు తెలివిని ఎవరూ కాదనడం లేదు, కానీ ఈ రిట్ మనుషుల స్వేచ్ఛ కోసం ఉన్నది, ఒక్కసారి తలుపు తీస్తే పెంపుడు జంతువులు, పశువుల పెంపకం, పరిశోధన అన్నీ వివాదంలో పడతాయి. అసమ్మతి తెలిపిన ఇద్దరిలో ఒకరైన న్యాయమూర్తి విల్సన్, చట్టం పూర్తి వ్యక్తులుగా గుర్తించని బానిసలు, భార్యలు, పిల్లల కోసం ఇదే రిట్‌ను పూర్వం వాడిన సంగతి గుర్తుచేశారు.

అంతకు ముందు 2014లో టామీ అనే చింపాంజీ కేసులో మరో న్యూయార్క్ కోర్టు, కర్తవ్యాలు మోయలేనివారికి హక్కులుండవని కారణం చెప్పింది. పసిబిడ్డలూ కర్తవ్యాలు మోయలేరు కదా అన్న ఆక్షేపణ తత్త్వవేత్తలు దశాబ్దాలుగా ఎత్తుతున్నదే. మనుషులు జాతిగా మోయగలరన్న జవాబు ఉంది. వ్యక్తిని చూడాలా జాతిని చూడాలా అన్న చిక్కు దాంతో తీరదు. అర్జెంటీనాలోని మెండోసాలో ఒక న్యాయమూర్తి మాత్రం 2016లో సిసీలియా అనే చింపాంజీకి హెబియస్ కార్పస్ మంజూరు చేసి, బ్రెజిల్‌లోని ఆశ్రయ కేంద్రానికి పంపించారు. భారత సుప్రీంకోర్టు 2014లో ఐదు స్వేచ్ఛలను 1960 చట్టంలోకి చదువుకుని, రాజ్యాంగం 21వ అధికరణంలోని ‘జీవితం’ జంతువులకూ వర్తిస్తుందన్నంత దూరం వెళ్లింది. 2023లో ఐదుగురు సభ్యుల ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పిన పూర్వోదాహరణ లేదంటూ ఆ విషయాన్ని శాసనసభలకు వదిలేసింది.

ఈ కేసులన్నింటిలో పెద్ద మాటల కింద ఉన్న చిన్న ప్రశ్న ఒకటే: జంతువు తరఫున కోర్టు మెట్లు ఎక్కేదెవరు? అమెరికాలోని ఓరెగాన్‌లో మేత లేక, నీడ లేక చిక్కి శల్యమైన గుర్రం విషయంలో యజమాని దోషి అని తేలింది. ఆ గుర్రం పేరు మీదే వైద్య ఖర్చుల కోసం దావా వేస్తే మాత్రం, దావా వేసే అర్హత గుర్రానికి లేదని 2018లో కోర్టు కొట్టేసింది. 2022లో అప్పీలు కోర్టూ అదే అన్నది. తనకు జరిగిన నేరానికి అది సాక్ష్యమే తప్ప బాధితుడు కాలేకపోయింది.

స్విట్జర్లండ్‌లోని జ్యూరిక్ రాష్ట్రం దీనికి వ్యక్తిత్వం జోలికి పోకుండా దారి కనిపెట్టింది. 1992 నుంచి అక్కడ క్రూరత్వం కేసుల్లో జంతువుల తరఫున నిలిచే న్యాయవాది పదవి ఉండేది. ఆ పదవిలో ఉన్నవారు బాధితుడి వకీలు మాదిరి ఫైళ్లు చూడవచ్చు, సాక్షులను ప్రశ్నించవచ్చు, అప్పీలు చేయవచ్చు. చివరిగా ఆ పదవిలో ఉన్న ఆంట్వాన్ గోట్షెల్ 2010లో, అప్పటికే చచ్చిపోయిన ఒక పైక్ చేప తరఫున వాదించి పత్రికల్లోకి ఎక్కాడు. జ్యూరిక్ సరస్సులో గాలం వేసిన వ్యక్తి ఆ చేపతో సుమారు పది నిమిషాలు పెనుగులాడి గట్టుకు లాగానని గొప్పగా చెప్పుకోవడంతో, ఆ పది నిమిషాలు అవసరమా అన్నది కేసు అయింది. కోర్టు గాలం వేసిన వ్యక్తిని నిర్దోషిగా వదిలింది. ఇలాంటి న్యాయవాదులను దేశమంతటా నియమించాలన్న ప్రతిపాదనను అదే ఏడాది మార్చి 7న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 70 శాతానికి పైగా ఓటర్లు తిరస్కరించారు. ఆ ఏడాది చివరికి జ్యూరిక్‌లో ఉన్న ఒక్క పదవినీ ఎత్తేశారు.